జమా, ఖర్చా

బంగారుపాళెంలో మాకు
చింతపండు రెండు నెలలు, మామిడి రెండు నెలలు.
మిగతా ఎనిమిది నెలలూ అప్పుతోనే కాపురం.

అది పాత లెక్క.
కొత్త లెక్క ఈ పుస్తకంలో ఉండాది.
నూటా నలభై మంది ఆడోళ్లు, వారానికి ఇరవై రూపాయలు.
జ్యూసు ఫ్యాక్టరీలో తోతాపురి సొన
వేలిగీతల్ని కాల్చేసింటే
బ్యాంకులో మిషను మునికన్నమ్మను మునికన్నమ్మ కాదనింది.
మేము అట్ల అనలేదు.
మసకముద్ర పక్కన పేరు రాసి దుడ్లు చేతిలో పెట్టినాం.

మూలన ఇనప్పెట్టె.
దాని నుదుటి మీద ఇత్తడి రేకు, రేకు మీద ఇంగ్లీషు.
పదకొండేళ్ల కింద లారీలో దిగింది.
ఐర్లాండంట. అక్కడ ఏదో ఊళ్లో
ఉత్తరాలు పంచేవాళ్లు, పాలు పోసేవాళ్లు
మా మాదిరే సంఘం కట్టుకుని
మిగిలిన వడ్డీలో ఒక చెంచాడు తీసి
పేరు తెలీని ఊళ్లకు పంపుతారంట.
"మన మొగం చూళ్లేదు, మన గడప తొక్కలేదు,
ఎట్ల నమ్మినారే" అని
దొరసానమ్మ ఆ పెట్టెకు పసుపు పూసింది.
తాళంచెవి షంషాద్ బీ కొంగున చేరింది.

నాకు పద్దు నేర్పించిన ఆరు నెలల జీతం కూడా వాళ్లదే.
అంటే నా చేతిలోని కూడికలు, తీసివేతలు
ఎవరో వానదేశం వాళ్ల చిల్లర.

ఈ ఆదివారం మీటింగులో ఒక ఫోటో చేతులు మారింది.
మలావి అనే దేశం. తుపాను.
బురదలో నిలబడి ఆడోళ్లు
తడిసిన పాసుపుస్తకాల్ని
దండెం మీద రవికల మాదిరి ఆరేస్తా ఉండారు.
సిరా కారి అంకెలన్నీ నీలంగా పాకిపోయినాయి.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెంగమ్మ లేచింది.
"మన రేకులు కారతా ఉండాయి.
నా కోడలి కాన్పుకు పదివేలు అడిగితే
పోయిన నెల వాయిదా వేస్తిరి.
ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోతనా?"
ఆ మాటలో అబద్ధం లేదు.
ఆ అర్జీ తేదీ కూడా నేను చెప్పగలను.

సెల్వి ఏదో అరవంలో గొణిగి, తర్వాత తెలుగులో అనింది:
"అంకెలు పోతే అన్నీ పోయినట్టే అక్కా.
మా నాయన పద్దు శావుకారింట్లో చెదలు తింటే
కట్టిన అప్పే రెండుసార్లు కట్టినాం."

చీకటి పడిందాకా వాదులాట.
ఒకరు ఏడ్చినారు. ఒకరు టీకి పోయి తిరిగి రాలేదు.
కడాకు, చెంగమ్మ కోడలికి ఆరువేలు,
ఫోటోలోని వాళ్లకు
మనిషికి పదకొండు రూపాయలు.
చెంగమ్మ ఇరవై నోటిచ్చి
తొమ్మిది రూపాయలు అడిగి మరీ తీసుకునింది.

ఇప్పుడు రాత్రి. నేనూ, పుస్తకమూ.
పక్కింట్లో ఇంకా చింతకాయలు కొడతా ఉండారు.
ఖర్చు గడిలో రాస్తే దానమైపోతుంది.
దానం చేసే ఇల్లని మమ్మల్ని ఎవురన్నా అన్నారా?
జమలో రాయలేను, రాలేదు గదా ఏమీ.
బాకీ తీర్చినట్టు రాద్దామంటే
తీసుకున్న చోటొకటి, తీర్చే చోటింకొకటి.
ఆడిటరుకు ఏమని చెప్పేది,
ఇత్తడి రేకు చూపించా, ఫోటో చూపించా?

పెన్సిలుతో 'మొదటి కంతు' అని రాసి
గడి పేరు ఖాళీగా వదిలిపెట్టినా.

దుడ్లు ఎంచినా.
వెయ్యిన్ని ఐదునూర్ల నలభై రావాల.
నలభైతొమ్మిది వచ్చింది.
దీపం దగ్గరికి జరుపుకుని
మళ్లీ ఎంచినా.