పరగడుపు

ఐదుంబావుకి దిండు కింద ఫోను వణుకుతుంది.
మోగనివ్వను.
మోగితే చిన్నోడు లేస్తాడు, వాడు లేస్తే
పద్మారావునగర్‌లో ఒకాయన ఒంట్లో చక్కెరెంతో
ఈరోజుకి ఎవరికీ తెలీదు.

నా చున్నీ కొస వాడి గుప్పిట్లో ఉంది.
ఒక్కో వేలూ విప్పుతాను,
నరం దొరకని చేతిలో సూది కదిపినంత మెల్లగా.
మా ఆయన నాలుగింటికే పాల వ్యాను ఎక్కేశాడు.
తలుపు దగ్గరికేస్తాను, గొళ్ళెం పెట్టను.
ఎదురు వాటాలో షమీమ్ ఆపా నమాజుకి లేచే ఉంటుంది.
"నువ్వు పో, నా చెవి ఇటే ఉంటది."

స్కూటీ ముందర ఐసు పెట్టె.
ఊదా మూతలు, బూడిద మూతలు, ఎర్రవి రెండు.
ఆలుగడ్డ బావి బ్రిడ్జి కింద నిన్నటి వాన నీళ్ళు,
నెత్తిమీద ఎటో పోయే రైలు.

ఒకప్పుడు పెద్దాసుపత్రి లాబులో
నాకో కుర్చీ ఉండేది, పన్నెండు గంటల డ్యూటీ.
రెండోవాడు పుట్టాక వెళ్ళి అడిగాను,
సగం పూట పని ఏదైనా ఉంటుందా అని.
మేడం నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు.
"సగం జబ్బులు ఉండవు కదమ్మా" అంది.

తర్వాత రెండేళ్ళు అడగని గుమ్మం లేదు.
చీరకి ముప్పై చొప్పున ఫాల్స్ కుట్టాను.
ఇంట్లోనే కూర్చుని టైపు చేసుకోవచ్చన్నవాడు
ముందు నన్నే పదిహేను వందలు కట్టమన్నాడు.
కట్టాను కూడా.
మిగతావాళ్ళంతా ఒకటే ప్రశ్న:
"పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?"
మా ఆయన్ని ఏ ఓనరూ ఇది అడగలేదట.
అన్నం కలుపుతూ తనే చెప్పాడు,
ముద్ద ఎత్తకుండా కాసేపు ఆగి.

ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగనివాళ్ళందరూ
నా కోసం ఎదురుచూస్తారు.
మూడో అంతస్తు భారతమ్మగారి నరాలు మహా దొంగలు,
ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, చివరికి మణికట్టు వెనక.
"పిడికిలి మూయండమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."
"నువ్వేమన్నా తిన్నవా బిడ్డా?"
"లేదండి, నేనూ పరగడుపే."
ఇద్దరం నవ్వుకుంటాం, సీసాలోకి రక్తం దిగుతుంటే.

నీకు వీలైన వేళల్లోనే పని, అని రాసి ఉంది యాప్‌లో.
నిజమే. ఎటైనా సాగుతుంది.
నా దగ్గరో రబ్బరు పట్టీ ఉంది,
రోజుకి ఏడెనిమిది చేతులకి కడతాను.
అదీ సాగుతుంది. విప్పాక
కాసేపు ఎర్రగా గీత ఉంటుంది.

మొన్న బుధవారం ఒకాయన పూజ ముగిసేదాకా
సోఫా అంచున కూర్చోబెట్టాడు.
గంట మోగింది, హారతి తిరిగింది,
నా వాచీలో ఎనిమిదయింది.
ఎనిమిదింబావుకి మా హారిక స్కూలు ఆటో.
వారాసిగూడ సందు మలుపులో
ఎదురొచ్చింది ఆటో, పిల్లల మోకాళ్ళన్నీ బయటికి పెట్టుకుని.
అందులో ఒక జడకి ఎర్ర రిబ్బను, ఒక జడకి తెల్లది.
షమీమ్ ఆపాకి జత దొరకలేదు కాబోలు.
చెయ్యి ఊపాను. అటు తిరిగి కూర్చుంది.

సాయంత్రం కోపమేమీ లేదు.
ఆ ఎర్ర రిబ్బనే తెచ్చి
నా మోచేతి పైన బిగించి కట్టింది.
"పిడికిలి ముయ్యి. చీమ కుట్టినట్టుంటది."
మూశాను. పెన్సిలు ముల్లుతో వెతికింది, వెతికింది.
"దొరుకుతలే. మస్తు పని చేస్తవ్ కదా,
లోపలికి పోయినై."

ముడి విప్పి, నేను రోజూ అనే మాటే అంది,
నా గొంతుతోనే: "అయిపోయిందండి, ఇంక తినొచ్చు."
బాక్సులో మిగిలిన సగం రొట్టె, మీద చక్కెర,
తేమకి మెత్తబడిపోయింది.

రేపటి లిస్టు వచ్చింది ఫోనులో.
ఏడు పేర్లు. చివరిది తార్నాక, ఏడూ ముప్పావుకి.
వద్దు అని నొక్కితే వచ్చే వారం నాలుగు పేర్లే వస్తాయి.
రొట్టె నములుతూ లెక్కేస్తున్నాను,
లిఫ్టు పనిచేస్తే,
మెట్టుగూడ సిగ్నల్ పడకపోతే.