ఏడో పాట, మూడో టేకు

నవంబరు ఆఖర్న సూర్యుడు కొండ వెనక్కి దిగి
మళ్ళీ జనవరిదాకా రానన్నాక
హెస్ట్‌వికాలో పగలంటే
నీలిమందు కలిపిన రెండు గంటల వెలుతురు.
మూతపడ్డ చేపనూనె కార్ఖానా మా స్టూడియో.
గోడల్లోని కమురు వాసన
గిటారు తీగలక్కూడా పట్టేసింది.

కథ సిగ్‌బ్యోర్న్‌ది.
పగలు సముద్రంలో వలల గూళ్ళకి మేత చల్లుతాడు,
రాత్రి మసీ సున్నం పూసుకుని శవమై పాడతాడు.
కరువేడు పుట్టిన పసిగుడ్డు.
జ్ఞానస్నానం లేదు, పేరు లేదు, మంచులో వదిలేశారు.
దయ్యమై, దారిన పోయేవాడి వీపెక్కి
సమాధుల తోటకి తీసుకుపొమ్మంటుంది.
అడుగడుక్కీ బరువెక్కుతుంది.
గేటు చేరేలోగా మోసేవాడు
మోకాలిలోతు నేలలోకి దిగబడతాడు.
ఎనిమిది పాటలు. ఒకటే నడక.

నా పని బరువు పెంచడం.
మొదటి పాటకి ఒక గిటారు, కాస్త గాలి.
రెండోదానికి టోర్‌స్టెయిన్ రెండు కాళ్ళా
కురిపించిన వడగళ్ళు.
తర్వాత వయొలిన్లు, ఆ పైన బాకాలు,
ఐదోదానికి ఆర్గన్,
ఆరోదానికి నా స్పీకర్లు గుటకలు మింగాయి.
ఏడోదానికి మనుషులు కావాలన్నాడు.

చర్చి నుంచి ఏడుగురు ముసలమ్మలొచ్చారు,
ఊలు టోపీలు, బూట్ల కింద మంచు ముళ్ళు,
ఫ్లాస్కులో కాఫీ.
వాళ్ళ కాగితంలో మాటల్లేవు.
"ఆ" అనే ఒక్క అచ్చు,
నలభై రెండు ఆవర్తాల పొడుగున.

ముందుగా అతని అరుపు వినిపించాను.
లంగరు గొలుసు రాతి మీద ఈడ్చినట్టు ఉంటుందది.
ఆరుగురు నవ్వు ఆపుకున్నారు.
బోర్గ్‌హిల్డ్, ఎనభై మూడేళ్ళావిడ,
హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
"వాడట్లా ఏడవడు."
ఎవరు, అన్నాన్నేను.
"ఆకలిగొన్న బిడ్డకి అంత గొంతెక్కడిది నాయనా!
పిల్లికూన మూలిగినట్టు.
కాసేపటికి అదీ ఉండదు."

అట్ట ఫోటోల కోసం పూసుకున్న సున్నం
సిగ్‌బ్యోర్న్ మొహాన అలాగే ఉంది.
ఎటు చూడాలో తెలీక
తన చేతులకేసి చూసుకున్నాడు.

మొదటి టేకులో ఎవరో దగ్గారు.
రెండోది వంక పెట్టడానికి లేదు.
మూడోదాంట్లో, ఇరవై తొమ్మిదో ఆవర్తం దగ్గర,
ఆరు గొంతులు "ఆ" మీదే నిలబడి ఉండగా
ఆమె పెదాలు కలిసి విడివడ్డాయి.
ఐలిఫ్.
అంతే. మళ్ళీ "ఆ"లో కలిసిపోయింది.
పక్కనున్న రాగ్నా, పాట ఆపకుండానే,
ఆమె మోచెయ్యి పట్టుకుంది.

కాఫీ దగ్గర చెప్పింది, మాకు కాదు, కప్పుకి.
నలభై నాలుగు చలికాలం.
సైన్యం ఊళ్ళు తగలబెట్టుకుంటూ వెనక్కి పోతోంది.
జనం గుహల్లోకి పోతున్నారు.
తనకి ఏడేళ్ళు.
పది రోజుల తమ్ముణ్ణి శాలువాతో వీపుకి కట్టారు,
అమ్మ నడవలేకపోతే.
"చర్చి కాలిపోయింది, పాస్టరు లేడు.
దార్లో నేనే పెట్టాను పేరు.
అందరికీ చెబుదామనుకున్నాను, గుహ చేరాక."

చక్కెర పలుకు ఒకటి నోట్లో వేసుకుంది.
"బరువెక్కడం మాత్రం
మీ కుర్రాడు సరిగ్గానే రాశాడు.
ఒక్కటే తప్పు. మోసేవాడు
దించెయ్యాలని చూస్తాడని రాశాడు."

ఓస్లో కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు:
ఏడో పాటలో, నాలుగు నిమిషాల పదకొండో సెకను దగ్గర
ఏదో పలుకు దొర్లింది, తీసెయ్యగలరు.
తియ్యలేదు. పైకి ఎత్తనూలేదు.
వయొలిన్ల కింద, డ్రమ్ముల కింద
ఎక్కడ పడుకున్నది అక్కడే ఉంచాను.

ఎనిమిదో పాటకి నలభై మంది వాద్యకారులు
అనుకున్నాం మొదట.
సిగ్‌బ్యోర్న్ ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని
మర్నాడు గూళ్ళ దగ్గరికి పనిలోకి పోయాడు.
నేను కార్ఖానా తలుపు తెరిచి
మైకు గడప మీద పెట్టాను.
మంచు పడే చప్పుడు మైకుకి అందదు, నాకు తెలుసు.
అయినా ఆరు నిమిషాలు రికార్డు చేశాను.

ఆవిడ ఫ్లాస్కు ఇక్కడే మర్చిపోయింది.
అడుగున ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.