రిమార్కుల గడి

ఉక్కు టేపు చివర బారెడు మేర
సుద్దముక్క రుద్ది బావిలోకి వదులుతాను.
తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది.
గట్టు దగ్గరి అంకెలోంచి తడి కొలత తీసేస్తే
నీటి మట్టం.
పదహారేళ్లుగా ఇదే నా ఉద్యోగం,
నోరు తెరవమని బావుల్ని అడగడం.

ఖడ్కిగూడ. జరి తాలూకా చివర.
పెన్‌గంగ దాటితే ఆదిలాబాదు.
మార్చికే పత్తికట్టె గలగలమంటోంది.
గని చిన్నది. నిజంగానే చిన్నది.
రెండెకరాల డోలమైటు గుంట, రెండు టిప్పర్లు, ఒక పంపు,
పంపు పక్కన నులకమంచం మీద పెందోర్ మారుతి.
"ఊట నీళ్లు మేడం, తోడకుంటే రాయి అందదు."
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
వాన గురించి చెప్పినట్టు.

తోడిన నీళ్లు వాగులో పడతాయి.
వాగు దిగువన బొమ్మెవార్ పోతన్న పల్లి చేను
ఈ ఎండలో పచ్చగా, సిగ్గు లేకుండా పచ్చగా ఉంది.
టీ పోసి, గ్లాసు నా చేతికిస్తూ మెల్లగా అడిగాడు:
"మీరు రాస్తే పంపు బంద్ అయితదా?"
పదేళ్లలో రెండో పంట ఇప్పుడే చూశాడట.
నేను టీ ఊదుకుంటూ కూర్చున్నాను.

ఫారంలో మూడు గడులు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం.
వాటి కంటే ముందు ఇంకో గడి:
గని తవ్వకముందు మట్టం ఎంత?
ఎవరూ కొలవలేదు.
పదకొండు బావులు తిరిగాను, పదకొండు అంకెలు రాశాను.
దేంతో పోల్చాలో తెలియని అంకె
తప్పిపోయిన పిల్లాడిలా బిక్కమొహం వేస్తుంది.

ఏడో బావి కొలాంగూడది.
తేకం లచ్చుబాయి నీళ్లు చేదుతోంది.
నేను టేపు చూస్తున్నాను, ఆమె నన్ను చూస్తోంది,
కాసేపటికి నేను ఆమె చాంతాడు చూశాను.
బొక్కెన దగ్గర జనపనార.
దాని మీద పేనిన ఎర్రంచు చీర.
ఆపైన నీలం నైలాను.
చేతి దగ్గర కొత్తగా మెరిసే పచ్చ తాడు,
టిప్పరు మీద టార్పాలిన్ బిగించేది.
"అడిగితే మారుతే ఇచ్చిండు."

తాడుని గట్టు మీద పరిచాం.
కొలామీ, మరాఠీ, తెలుగు కలిపి
ముడి ముడికీ వేలు పెట్టి చెప్పింది:
"ఇది కరువేడు. అప్పుడు గని లేదు,
దాని మీద వెయ్యకు.
ఇది సర్పంచు బోరు ఏసిన ఏడు. ఇదీ గనిది కాదు.
ఇగో, ఈ పచ్చది రాసుకో."
నా కంటే కఠినమైన ఇన్‌స్పెక్టరు.
పచ్చ ముక్క మీద టేపు పెట్టాను.
నాలుగు మీటర్ల డెబ్బై.

ఏ గడిలోనూ పట్టలేదు.
రిమార్కుల గడిలో రాశాను, అంచు దాటి, వెనక పేజీలోకి.
పరికరం పేరు: చాంతాడు.
పన్నెండు రోజులకు ఫైలు తిరిగొచ్చింది:
"పరికరానికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ జతపరచగలరు."

మే నెలలో మళ్లీ వెళ్లాను, సొంత సెలవు మీద.
లచ్చుబాయి బొక్కెన నా చేతికిచ్చింది,
"చూడు మరి" అన్నట్టు.
చీకటి పడుతోంది. తాడు వదిలాను.
అరచేతిలోంచి కరువేడు జారింది.
బోరు ఏడు జారింది.
మూడో ముడి వేళ్లను గీరుకుంటూ పోయింది,
పచ్చ తాడు సర్రున నడిచి
కొస దగ్గర ఆగింది.
రాయి మీద బొక్కెన చప్పుడు.
నీళ్ల చప్పుడు కోసం
ఇద్దరం గట్టు మీదికి వంగాం.