జిరాక్సు కాడ కూసోని

చండూరు బస్టాండుకు ఎదురుంగ
నాదొక జిరాక్సు దుకాణం.
ఫ్లెక్సీలు గూడ కొడ్త.
చిట్టీ మీద పెన్సిలుతోటి రాసుకొచ్చిన ఇంగిలీషును
కంప్యూటర్లకెక్కిచ్చి పెద్దగ జేస్త,
తప్పుంటే తప్పును గూడ ఆరు ఫీట్లు.

మొన్న ఖాజామియా మటన్ బోర్డు మీద
'హియర్' అని కొట్టబోయి 'హెయిర్' అని కొట్టిన.
పొట్టేలు మాంసము, బొచ్చు
రెండూ దొరుకునని సదువుకోని
పొద్దుగాల్నే ఇద్దరు సార్లు నవ్వుకుంట పోయిండ్రు.
నేను పానం సల్లవడి ఉరికిన.
ఖాజామియా కత్తి నూరుకుంటనే అన్నడు:
"అక్షరం అటీటయితే కూర చేదయితదా బయ్?"
ఆ ఐతారం
రెండు గంటలు ముందే దుకాణం కడిగిండు.

"అన్నా, ఒక లేడీసు వచ్చింది" అంటడు
నా కాడ పనిజేసే పోరడు.
ఒక్కతే. అయినా లేడీసే.
తప్పని చెప్పబోయి ఆగిన.
ఒక్కల్నే "మీరు" అని పిలిచే నోరు గద మనది,
ఇంగిలీషుకు గూడ గంత మర్యాద నేర్పినం, పోనియ్యి.

బుచ్చిరాములుకు ఫోనొచ్చింది:
"మీ మామ సీరియస్ గున్నడు, జెల్ది రా."
పాపం, నా కాడ్నే రెండువేలు అప్పు తీస్కోని
ఆటో కట్టుకోని నల్లగొండ పెద్ద దవాఖానకు వోయిండు,
వార్డు వార్డు దేవులాడిండు.
మామ ఇంటికాడ్నే ఉన్నడు.
ఎవడో కల్లు సీసా పలగ్గొట్టిండని
అరుగు మీద మొకం మాడ్సుకోని కూసున్నడు.
ఆ రెండువేలు ఇంకా రాలే.

గోలికీ మనిషికీ ఇక్కడ ఒకటే మాట:
ఎక్స్‌పైర్ అయింది, ఎక్స్‌పైర్ అయిండు.
గోలికి డేటు ముందే కొట్టి పంపుతరు.
మనకు ఎన్కసీరి
నేను కొడ్త, దినాల ఫ్లెక్సీ మీద,
రెండు దిక్కుల రెండు దీపాలు వెట్టి.

ఈదమ్మ వచ్చింది పాసుబుక్కు జిరాక్సుకు.
మిషను ఏడెక్కేదాక ఊకుండలేక అడిగిన:
"ఇంట్ల ఒక్కదానివే,
బోరు కొడ్తలేదా పెద్దమ్మా?"
"కొట్టిచ్చినం బిడ్డా, నాలుగు.
మూడు ఫెయిలు.
నాలుగోది ఏడునూర్ల ఫీట్ల కాడ
జెరంత తడి సూపెట్టి ఊకున్నది."
నవ్వొచ్చింది. సగంల ఆగింది.
నేను పొద్దు ఎట్ల పోతున్నదని అడిగిన,
ఆమె పొలం ఎట్ల పోయిందో చెప్పింది.
రెండు కాపీలకు నాలుగు రూపాలు.
తీసుకోకపోతే ఊకోలే.

ఒక్క ఇంగిలీషు మాట మాత్రం
ఈ దిక్కు ఎవ్వలూ తప్పు వలుకరు.
బడి మొకం జూడని ముసలవ్వ గూడ
వొంకర కాలు సాపుకోని
ఒత్తు జారకుంట అంటది: ఫ్లోరైడు.
బొక్కలు నేర్సుకున్నంక
నాలికెకు ఏం కష్టం.

ఇగ మా ముత్తిలింగం సారు.
ముప్పై రెండేండ్లు ఇంగిలీషు చెప్పి రిటైరయిండు.
జేబుల ఎర్రపెన్ను ఇంకా రిటైరు గాలే.
ఎండ సల్లవడంగనే వచ్చి
నా ఫ్లెక్సీలన్ని దిద్దుతడు,
ఎండిన రంగు మీద పెన్ను ఎక్కకపోతే
గోరుతోటి గీకుతడు.
మటన్ బోర్డు సంగతి తెలిసి
నాతోటి మూడు దినాలు మాట్లాడలే.

నిన్న మనుమని పుట్టినదినం ఫ్లెక్సీ అని
మ్యాటరు సొంతంగ రాసుకొచ్చిండు.
"నువ్వేం సొంతం పెట్టకు,
రాసింది రాసినట్టు కొట్టు" అన్నడు.
కొట్టిన.
ఇంగిలీషు ముత్యమోలె ఉన్నది,
కామా కాడ కామా, ఫుల్‌స్టాపు కాడ ఫుల్‌స్టాపు.
కింద తెలుగుల
'శుబాకాంక్షలు.'

బకు ఒత్తు లేదు.
ఎనిమిది ఫీట్ల మీద
ఆ ఒత్తు లేనికాడ శానా జాగ ఉన్నది.

సారు దూరంకెల్లి జూసిండు, దగ్గెరికొచ్చి జూసిండు.
కండ్లద్దాలు తీసి అంగీకొసకు తుడ్సుకున్నడు.
ఎర్రపెన్ను దాక పోయిన చెయ్యి
మల్ల కిందికొచ్చింది.
నా దిక్కు జూడకుంట
మెల్లగ అన్నడు:
"ప్రింటింగ్ మిస్టేక్."