ఎడంచేతి ఆలస్యం

నా కీబోర్డులో అయిదుగురు మనుషులుంటారు.
కరెంటు వచ్చిందాకా చేతులు ముడుచుకు కూచుంటారు.
ఎడంచేతి మూడువేళ్లతో ఒక కార్డు నొక్కానా,
బేసు గిటారు లేచి నిలబడుతుంది,
వెనకే డప్పు, తాషా,
ఎవరిదో ఓ డోలక్.
వీళ్లకి బస్సు చార్జీ లేదు, విస్తరి లేదు.
తెల్లారగట్ల మూడింటికి
"ఇంకెంతసేపు గురూ" అని ఒక్కడూ అడగడు.

ఈ స్టైళ్లు నేను కొన్నది బరంపురంలో,
సెల్‌ఫోను అద్దాలు మార్చే కొట్లో.
పెన్‌డ్రైవు నిండా నాలుగొందల నడకలు, నూటయాభై రూపాయలు.
ఎవరు చేశారయ్యా అంటే
వైజాగు నించి వచ్చాయన్నాడు.
వైజాగులో అడిగితే రాయపూర్ అన్నారు.
రాయపూర్‌లో నాకెవరూ తెలీదు.

వాటిల్లో నూటపదిహేడోది.
మూడో వేరియేషన్, నాలుగో బారు.
డోలక్ ఎడమ మూత మీద పడాల్సిన దెబ్బ
వెంట్రుకవాసి వెనకబడుతుంది.
అలాంటివి మెషీనే దిద్దేస్తుంది, ఒక్క మీట చాలు.
దిద్దలేదు ఆ మనిషి.
మరిచాడో, బద్ధకించాడో,
లోపల్నించి ఎవరో భోజనానికి పిలిచారో.
రాత్రికి ఇరవైసార్లు అక్కడికొచ్చి
నా మడమ గాల్లో ఆగుతుంది.

దండాసి మామకి వినిపించాను.
పర్లాకిమిడిలో నలభై ఏళ్లు డోలక్ కొట్టిన మనిషి.
ఈ పెట్టె వచ్చిన ఏడాదే
మా పార్టీ లెక్కల పుస్తకంలో ఆయన పేరు మీద గీత పడింది.
గీసింది నేనే. స్కేలు పెట్టి.
ఇప్పుడు బస్టాండు దగ్గర పల్లీలు వేయిస్తున్నాడు.
గరిటె ఆపకుండా, కళ్లు మూసుకుని విన్నాడు.
"ఎవులో గానీ, ఈడికి ఎడం మణికట్టు గుంజేస్తంది.
సలికాలంలో కొట్టినాడు."
అంతే. పొట్లం కట్టి ఎవరికో ఇచ్చాడు.

ఆ ఆదివారం ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను.
ఫ్యాను ఆపి,
పక్కింటి కుక్కకి బిస్కట్లు వేసి,
రెండు మైకులతో, పొద్దు వాలిందాకా.
తర్వాత పది రాత్రులు ముక్కలు కోశాను:
ఎత్తుగడ, నాలుగు నడకలు, మలుపులు, దింపు.
ఎక్కడా దిద్దలేదు.
"నా పేరెట్టినావేటి?" అన్నాడు.
పెట్టాను మామా, ఇంగ్లీషులో, ఏడక్షరాలు.
ఒరియా బోర్డూ తెలుగు బోర్డూ గడగడా చదివే మనిషి
తెర మీద వేలు పెట్టి
ఆ ఏడింటినీ ఊరికే తడిమాడు.

ఎవరో అడిగారు, ఇచ్చాను.
వాళ్లనెవరో అడిగి ఉంటారు.

మొన్న మాఘంలో ఏరు దాటి పాతపట్నం వెళ్లాను,
ఒకరి పెళ్లికి, వాయించడానికి కాదు, తినడానికి.
ఊరేగింపు ముందు ట్రాలీ మీద
మీసం రాని కుర్రాడొకడు కీబోర్డు ముందు నించున్నాడు.
మందుల కొట్టు మలుపులో
నా మడమ తనంతట తానే ఆగింది.
దగ్గరికెళ్లి తెర చూశాను: సూపర్ బీట్ 44.

ఎవరిది తమ్ముడూ ఇది?
"ఏమో అన్నా, బరంపురం సరుకు."

చెబుదామని నోరు తెరిచాను.
జనరేటరు దగ్గింది, లైట్లు ఎర్రబడి మళ్లీ తెల్లబడ్డాయి,
పెళ్లికొడుకు మేనమామ
చెప్పులు చేత్తో పట్టుకుని
రోడ్డు మధ్య గుండ్రంగా తిరుగుతున్నాడు.
ఒక్కో చుట్టులో ఒకచోట
కాలు వెయ్యకుండా క్షణం ఆగి, వేస్తున్నాడు.
ఆయనకెవరు చెప్పారు అక్కడ ఆగాలని?

పొద్దున్నే మామకి చెప్పాను,
పేరు పోయిన సంగతి కూడా.
గరిటె ఆగింది.
"జనం ఎగిరినారా?"
ఎగిరారు మామా.
"డబ్బులేటైనా వచ్చినాయా?"
లేదు.
"అయితే పల్లీలకి పది రూపాయలియ్యి."
ఇచ్చాను.