నునుపు కాగితం

ఇస్కపల్లి గుంటల్లో రాత్రిపూట ఒక్క ఫేజు పోతే చాలు,
ఏరియేటర్లు మూలిగి ఆగిపోతాయి.
తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలి
గాలి కోసం మూతులెత్తుతాయి.
పోయిన అమాసకి చెంచురామయ్య కౌలు గుంట అట్టాగే పొయ్యింది.
నలభై కౌంటు. ఇంక పది రోజుల్లో పట్టుబడి.
అలారం బోర్డు నేను చేసిస్తానన్నా.
అన్నానే గాని
అరచేతంత రాగి రేకు మీదికి గీతలు ఎక్కించేదెట్టా?

కావలి ట్రంకు రోడ్డులో దిల్షాద్ జిరాక్సు.
"ఇంకుజెట్టు ఉంది, రంగులొస్తాయి" అంది.
రంగులొద్దమ్మా. ఇంకు తడి తగిలితే కారిపోద్ది.
నాకు పొడి కావాల.
వేడికి కరిగి, చల్లారినాక పట్టు వదలని నల్లపొడి.

కొత్త మిషన్లో ఎవరో రీఫిల్ పోసిపొయినారు.
గీత బూడిదరంగు.
ఇస్త్రీపెట్టె కింద సగం రాగికి అతుక్కుంది,
సగం కాగితాన్నే పట్టుకుని ఉండిపోయింది.

పెళ్ళిపత్రిక అట్ట పెడితే మిషన్ గొంతులో అడ్డం పడింది.
అరగంట సేపు ఇద్దరం కనుబొమల పట్కారుతో పీకాం.
వెనక నిలబడ్డ డాక్యుమెంటు రైటరు గడియారం చూస్తానే ఉన్నాడు.
స్టిక్కర్ల వెనక మైనం కాగితం మీద పొడి నిలవనే లేదు.
"నా మిషన్ని చంపేదాకా నిద్రపోవా మాలకొండయ్యా?"

అప్పుడు కనపడింది, ఆమె టీగ్లాసు కింద:
మేత కంపెనీ కరపత్రం.
బొటనవేలితో రుద్దా. జారింది.
లోపల సుద్దపూత, పైన మెరుపు,
మధ్యలో మీసాలు సాచిన రొయ్య బొమ్మ.
ఆ రొయ్య మీదనే నా సర్క్యూటు వెయ్యమన్నా.
"కొత్తదాంట్లో పెట్టను" అని
బల్ల కింద గుడ్డ కప్పిన పాతదాన్ని ఈడ్చింది.
పొడి విపరీతంగా తాగుద్దని మూలేసిన మిషన్.
తాగనీ. తాగిందంతా కక్కింది,
కాటుకలాగా, దట్టంగా.

ఇంట్లో ఇస్త్రీపెట్టె, ఆవిరి బంద్, నూలుబట్టల వేడి.
నాలుగు నిమిషాలు. మూలలకి ఇంకొంచెం.
తర్వాత నీళ్ళలో నానబెట్టి
కాగితాన్ని వేళ్ళతో ఉండలు ఉండలుగా ఒలిచా.
గీతల సందుల్లో ఇరుక్కున్న పీచుకి పాత పళ్ళ బ్రష్షు.
కరపత్రంలో మిగిలిందల్లా
రొయ్య మీసం ఒకటి, ఫోన్ నంబరు సగం.

ఆసిడ్ పళ్ళేన్ని గరిటె పెట్టి తిప్పకూడదు.
చేపల పులుసు దబర ఊపినట్టు
రెండు అంచులూ పట్టుకుని నిదానంగా ఊపాల.
ఇరవై నిమిషాలకి రాగి కరిగి, దారులు మిగిలాయి.
చూస్తే అన్నీ ఎడం చేతి దారులే.
అద్దంలో బొమ్మలాగా తిరగేసి అచ్చు వెయ్యాలన్న సంగతి
ఐదో తరగతి పిల్లోడికి తెలుసు, నాకు గుర్తు రాలేదు.
ఇంకో కరపత్రం పాడు చెయ్యడానికి మనసొప్పక
ఐసీ కాళ్ళు వెనక్కి విరిచి
బోర్లా పడుకోబెట్టి అతికా.
చూసేదానికి చచ్చిన బొద్దింక.
పని చేసింది.

పదిహేనో రోజు, రాత్రి మూడుంపావుకి ఫోను.
చెంచురామయ్య మాట్లాడలా.
ఫోనులోంచి సైరన్ మోత ఒక్కటే,
దాని వెనక ఎవరో పరిగెత్తే చప్పుడు, తిట్టు,
డీజిలింజను రెండుసార్లు దగ్గి అందుకుంది.
నీళ్ళు చిలికే మోత వినపడిందాకా
చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నా.

దిల్షాద్ పుస్తకంలో నా పేరు కింద
"రొయ్య కాయితాలు, పదకొండు, బాకీ" అని ఉంది.
పాత మిషన్ మీద ఇప్పుడు గుడ్డ లేదు.

మొన్న మేత కంపెనీ కుర్రాడు గుంట గట్టు మీద
కొత్త కరపత్రం చేతిలో పెట్టి
మాంసకృత్తులు, ఎదుగుదల, రాయితీ అని మొదలెట్టాడు.
నేను బొటనవేలితో రుద్దా.
గరుకు.
"ఏమబ్బయ్యా, కాగితం మార్చారేంది?" అన్నా.
వాడు చెప్పడం ఆపి
కరపత్రాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.