రెండు వందల యాభై మాటల్లో

ఉదయగిరి బస్టాండు పక్క నెట్ సెంటర్లో
మూడో కుర్చీ నాది, గంటకు ముప్పై రూపాయలు.
డిగ్రీ పిల్లల పరిశోధనకు స్కాలర్‌షిప్పంట,
దేశం మొత్తానికి నలభై మందినంట తీసుకునేది.
మా ట్యాంకరు వరసకన్నా చిన్నది.
తెర మీద తెల్ల గడిలో
కర్సరు కొట్టుకుంటా అడగతా ఉంది:
మీరు నాయకత్వం వహించిన సందర్భాన్ని
రెండు వందల యాభై మాటలకు మించకుండా వివరించండి.

నాయకత్వం.
మా ఊళ్ళో ఆ మాట
ఫ్లెక్సీల మీద దండం పెడతా కనపడద్ది.
తెల్లచొక్కా వేసుకోని ఉంటది,
మీసాలు కూడా ఉంటాయి.
నాకేముంది రాయడానికి?

పోయిన మే నెల్లో
ట్యాంకరు కాడ గొడవ ముదిరి
సిలార్‌బీ పిన్నమ్మ తల పగిలింది.
మర్నాడు తెల్లారకముందే
నా ఎర్ర నెయిల్ పాలిషు తీసకపోయి
వరసనే బిందెలకి నంబర్లేశా.
అరవై మూడు బిందెలు.
నలభై ఒకటో బిందెకాడ సీసా అయిపోయింది,
మిగతావాటికి సున్నం.
ఆ పొద్దు ఎవరూ ఎవర్నీ తిట్టలా,
ఒక్క నన్ను తప్ప:
"ఏందమ్మే, నా బిందెకి సున్నమా?"

దీన్ని ఇంగ్లీషులో ఏమంటారబ్బా అని
పక్క కుర్చీ పిల్లోణ్ణి అడిగితే
కమ్యూనిటీ మొబిలైజేషన్ అక్కా అన్నాడు.
రాశా.
ఎరువు తెచ్చుకున్న చెప్పుల్లో
కాలు పెట్టినట్టుంది.

పరిశోధన గడి కొంచెం నయం.
ఇరవై ఏడు బోర్లు, ఇరవై ఏడు కూల్‌డ్రింకు సీసాలు.
దుత్తలూరు బస్సులో కాళ్ళ కింద దొర్లతా ఉంటే
కండక్టరు లగేజి కొడతానన్నాడు.
లాబులో ఎర్రమందు చుక్కలేస్తే
మంచినీళ్ళు గులాబీగానే ఉంటాయి.
మావి పసుపుకు తిరిగాయి,
ఒకటి, ఇంకోటి, ఇంకోటి,
పెళ్ళికి ముందు రోజు మాదిరి.
పిపెట్టు పట్టడం నేర్పింది అటెండరు మస్తానయ్య.
"నోటితో పీల్చబాక తల్లీ,
ఇప్పటిదాకా తాగింది చాలు" అన్నాడు.

సిఫారసు చేయువారి హోదా:
నొక్కితే జారే జాబితా.
ప్రొఫెసరు, లెక్చరరు, ప్రిన్సిపాలు.
మస్తానయ్య అందులో లేడు.
సంతకం పెట్టిన సారు
"ఈ విద్యార్థిని నాకు బాగా తెలుసు" అని రాసి,
తలెత్తి,
"పేరేందమ్మా?" అన్నాడు.
గౌసియా సార్.

ఫోటో యాభై కేబీ దాటకూడదు.
స్టూడియో పెంచలయ్యన్న నవ్వమన్నాడు, నవ్వా.
పళ్ళ మీద గోధుమ చారలు చూసి
మౌసు తిప్పతా, మెల్లగా,
"తెల్లగా చేసేస్తాలే, డబ్బులేం వద్దు" అన్నాడు.
మంచోడే.
వద్దన్నా అన్నా.
అది నా మొదటి శాంపిలు.

అంతా రాస్తే మూడు వందల పన్నెండు మాటలు.
అరవై రెండు తీసెయ్యాలి.
మా అమ్మ నర్దిచెక్కలోంచి గరిటె తీసేటప్పుడు
ముందు పెద్ద పేళ్ళు లేస్తాయి,
తర్వాత పొట్టు,
ఆకురాయి పట్టేసరికి ఒట్టి పొడి.
నేనూ అట్నే తీశా.
పిన్నమ్మ తల ముందు పోయింది,
సున్నం పోయింది, కండక్టరు పోయాడు.
మస్తానయ్యను రెండు సార్లు తీసి
రెండు సార్లు పెట్టా.
మూడోసారి పెట్టలా.
మిగిలింది నున్నగా ఉంది,
ఎవరి నోట్లోనైనా పట్టేటట్టు.

సమర్పించు నొక్కా.
చిన్న చక్రం తిరగతా ఉంది.
అమ్మ ఫోను.
"అయిందా?"
"తిరగతా ఉందిమా."
"తిరగనీ. వచ్చేటప్పుడు ఉప్పుకాగితం తీసకరా, సన్నది.
ఆఁ, ట్యాంకరొచ్చింది...
మన బిందెకి రంగు పోయింది కదే,
ఎంత మన నంబరు?"

పదిహేడు, అన్నా.
తెర మీద
నా నంబరు ఇంకా రాలా.